పని చూపించే నలభై నిమిషాలు: తొమ్మిదో తరగతికి వీడియో కాల్‌లో వృత్తుల పరిచయం – ఒక కేస్ స్టడీ

తొమ్మిదో తరగతి పిల్లల చేతికి తెల్లకాగితం ఇచ్చి ‘మీకు తెలిసిన ఉద్యోగాలు రాయండి’ అంటే ఆరేడు దాకా కలం ఆగదు. డాక్టరు, ఇంజనీరు, టీచరు, పోలీసు, కలెక్టరు, సాఫ్ట్‌వేరు, బ్యాంకు. తర్వాత పక్కవాడి కాగితంలోకి చూపులు మొదలవుతాయి. ఊళ్లో ఐస్ ఫ్యాక్టరీ కంప్రెసర్ బాగుచేసే మెకానిక్, ఆసుపత్రిలో రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్, సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ రోజూ కళ్లముందు తిరిగేవాళ్లే. అయినా జాబితాలోకి ఎక్కరు. ఆ పనికి ఏం చదవాలో, ఎక్కడ చదవాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి అది పిల్లల దృష్టిలో ఉద్యోగం కాదు.

ఆ కాగితాన్ని జూన్‌లో ఒకసారి రాయించి, పేర్లతో సహా దాచిపెట్టాలి. పనిలో ఉన్నవాళ్లను వీడియో కాల్‌లో పిల్లలతో మాట్లాడించే ఈ కేసులో కొలబద్ద అదే. మళ్లీ ఫిబ్రవరిలో బయటికి వస్తుంది.

బడి, గది, లెక్కలు

ఇక్కడ తీసుకున్నది ఒక నమూనా బడి: తీరప్రాంత మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లు, 38 మంది, 36 మంది, మొత్తం 74. తల్లిదండ్రుల్లో ఎక్కువమందికి రొయ్యల చెరువులు, కూలిపని, ఆటోలే బతుకుదెరువు. ఒక గదిలో 65 అంగుళాల స్మార్ట్ టీవీ, ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్, ఉందంటే ఉంది లేదంటే లేదన్నట్టుండే బ్రాడ్‌బ్యాండ్. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇలాంటి బడి ఎక్కడైనా దొరుకుతుంది. తెలంగాణ మండలమైతే రొయ్యల చోట విత్తనాలో, గ్రానైటో, కోళ్లఫారాలో పెట్టుకోవాలి. మిగతా పద్ధతి అంతా అదే.

పదిని వదిలి తొమ్మిదిని ఎంచుకోవడానికి మొదటి కారణం పచ్చిగా చెప్పాలంటే పీరియడ్లు. దసరా దాటగానే పదో తరగతికి స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు మొదలవుతాయి. అప్పుడు ఏ సబ్జెక్టు టీచరూ గంట వదులుకోరు, వదులుకోమని అడగడం న్యాయం కూడా కాదు. రెండో కారణం వయసు. బ్రిటన్‌లో 1970లో పుట్టిన వేలమందిని ఏళ్ల తరబడి అనుసరించిన సర్వే ఒకటుంది. 14–15 ఏళ్లప్పుడు బయటివాళ్ల వృత్తి ప్రసంగాలు విన్నవాళ్లకు 26 ఏళ్ల వయసులో ఒక్కో ప్రసంగానికి సగటున 0.8 శాతం చొప్పున జీతం ఎక్కువ ఉన్నట్టు ఆ సర్వే లెక్కల్లో పరిశోధకులు గమనించారు. ఈ అంకెను పట్టుకుని మన పిల్లల జీతాలు లెక్కగట్టకూడదు. అవి ముఖాముఖి ప్రసంగాలు, ఆ దేశం వేరు, ఆ కాలం వేరు. అందులో మనకు పనికొచ్చేవి రెండే: ఆ వయసు, ఒక్కటితో ఆపకుండా పలుమార్లు వినిపించడం.

అందుకే జులై నుంచి ఫిబ్రవరి లోపు ఆరు పరిచయాలు. శనివారం పూట పెట్టుకుంటే పాఠాలకు పెద్దగా అడ్డం రాదు. రెండో శనివారం సెలవని మాత్రం మరవకూడదు. అక్టోబరులో దసరా, జనవరిలో సంక్రాంతి, మధ్యలో పరీక్షలు తీసేస్తే చేతిలో మిగిలే శనివారాలు పైకి కనిపించినన్ని ఉండవు. కాబట్టి ఆరు అనుకుంటే ఎనిమిదికి మాట తీసుకోవాలి. రెండు ఎలాగూ తప్పిపోతాయి.

ఒక్క స్టూడియో, వంద బళ్లు అనే ఆశ

ఇది చూడగానే పైవాళ్లకు వచ్చే ఆలోచన ఒకటుంది: ‘ఒక బడికే ఎందుకు, జిల్లా అంతటికీ ఒకేసారి పెట్టేద్దాం.’ ఉపగ్రహం ద్వారా పాఠం చెప్పడం మనకు కొత్త కాదు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది. ‘మన టీవీ’ అనే ప్రభుత్వ ఛానల్, ఆ తర్వాత తెలంగాణలో టీ-శాట్ ఏళ్ల తరబడి ప్రసారాలు చేశాయి. పాఠానికి ఆ దారి బాగానే ఉంటుంది. వృత్తి పరిచయానికి మాత్రం కుదరదు. వంద బళ్లు కూర్చుంటే మాట్లాడే అవకాశం వచ్చేది పదిమంది పిల్లలకు. మిగతావాళ్లకు అది మరో టీవీ కార్యక్రమం. వాళ్లకు యూట్యూబ్‌లో ఇంతకన్నా బాగా తీసిన వీడియోలే దొరుకుతాయి. మనిషి అవతల ప్రత్యక్షంగా ఉన్నందుకు ఫలితం పిల్ల అడిగినదానికి ఆ మనిషి జవాబు చెప్పడమే. ఆ వీలు లేకపోతే ప్రత్యక్షంగా పెట్టిన కష్టమంతా దండగ.

కాబట్టి 74 మందిని ఒక హాల్లో కూర్చోబెట్టడం కూడా తప్పే. ఒక సెక్షన్ 10.30కి, రెండోది 11.30కి. అతిథికి ముందే చెప్పాలి: ‘గంటన్నర పైచిలుకు మీ సమయం కావాలి, మధ్యలో ఇరవై నిమిషాలు టీ విరామం.’ అంత వీలు లేదన్నవాళ్లను రెండు వేర్వేరు శనివారాల్లో పిలవాలి. 65 అంగుళాల టీవీ ముందు ఆరో వరసకు చేరేసరికి స్లైడ్ మీది చిన్న అక్షరం చీమలా కనిపిస్తుంది. ఒక గదికి నలభై మంది అన్నది అందుకు కూడా సరిపోయే లెక్క.

ఎవరిని పిలవాలి

పెద్ద పేరున్నవాళ్లను కాదు. పెద్ద హోదాలో ఉన్నవాళ్లు వస్తే బడి అంతా ముగ్గులేసి ఎదురుచూస్తుంది, పిల్లలు బిగుసుకుపోయి కూర్చుంటారు, ఆయన ‘కష్టపడితే సాధించలేనిది లేదు’ అని చెప్పి సెలవు తీసుకుంటారు. ఆ పని ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఇరవై అయిదు నుంచి ముప్పై అయిదేళ్ల మధ్యవాళ్లు, పనిలో చేరి అయిదు నుంచి పదేళ్లయినవాళ్లు బాగా కుదురుతారు. మొదటి జీతం గుర్తుంటుంది, ఏ పరీక్ష రాశారో గుర్తుంటుంది, పిల్లలు వాళ్లను అన్నా, అక్కా అనగలుగుతారు.

ఆరుగురిలో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి, అందులో ఒకరు ‘మగవాళ్ల పని’ అనుకునే చోట పనిచేసేవారై ఉంటే మేలు. కనీసం ఇద్దరు తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు ఉండాలి. కనీసం ముగ్గురు ఇంటర్ ఎంపీసీ, ఇంజనీరింగ్ అనే రహదారి మీద కాక పక్కదారిన వచ్చినవాళ్లు ఉండాలి. ఈ తీర మండలానికి జాబితా ఇలా కుదురుతుంది: ల్యాబ్ టెక్నీషియన్, ఫ్యాక్టరీ యంత్రాలకు అచ్చులు, పనిముట్లు తయారుచేసే టూల్ అండ్ డై మేకర్, రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసే హేచరీలో టెక్నీషియన్, మర పడవ ఇంజిన్ చూసే మెరైన్ ఫిట్టర్, ఆడిట్ ఆఫీసులో పనిచేసే సీఏ, విదేశంలో ఉన్న నర్సు. ఇందులో సాఫ్ట్‌వేర్ కావాలనే లేదు. దాని గురించి చెప్పడానికి ప్రతి వీధిలో ఒకరున్నారు.

దొరకడం కష్టమేమీ కాదు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపు మొదటి చోటు. కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి పోర్టల్‌లో బడి తన అవసరాన్ని నమోదు చేసుకుంటే స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు కనిపిస్తారు. పాలిటెక్నిక్, ఐటీఐ ప్లేస్‌మెంట్ అధికారులను అడిగితే పాత విద్యార్థుల్లో ఒకరిద్దరిని చెబుతారు.

విదేశాల్లో ఉన్నవాళ్లతో పేచీ గడియారం దగ్గర. మన ఉదయం 10.30 అంటే దుబాయ్‌లో 9 గంటలు, కువైట్‌లో 8. గల్ఫ్‌లో ఉన్న నర్సు ఇట్టే కుదురుతుంది. అమెరికా తూర్పు తీరంలో అది అర్ధరాత్రి. పడమటి తీరంలో చలికాలం ముందురోజు రాత్రి 9, ఎండాకాలం రాత్రి 10. కాబట్టి అమెరికా నుంచే కావాలంటే కాలిఫోర్నియా వైపు వాళ్లను అడగాలి. లండన్ వాళ్లకైతే మన మధ్యాహ్నం 3 గంటలు సరైన వేళ. నవంబరు మొదటి ఆదివారం అమెరికా తన గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకుంటుంది. అక్టోబరులో ‘మీకు రాత్రి పది’ అని చెప్పి నవంబరు రెండో వారానికి పెట్టుకున్న కాల్ అక్కడే గంట తేడా కొడుతుంది. సమయం ఎప్పుడూ భారత కాలమానంలోనే రాసి, వాళ్ల ఊరి సమయాన్ని వాళ్లచేతే రాయించుకోవాలి.

మెరైన్ ఫిట్టర్‌కు మరో చిక్కు. పడవ వేటకు వెళ్తే సిగ్నల్ ఉండదు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. మనిషి ఒడ్డున దొరికేది అప్పుడే. బడికి అప్పుడు పరీక్షలు, ఆ వెంటనే సెలవులు. అందుకని పడవ హార్బరులో ఐస్, డీజిల్ ఎక్కించుకునే రోజు చూసుకుని, రెండు శనివారాలు అటూ ఇటూగా మాట తీసుకోవాలి. ఆరింటిలో తప్పిపోయే అవకాశం ఎక్కువ ఉన్నది ఇదే.

అతిథికి పంపే కాగితం

ఒక్క పేజీ చాలు. వాట్సాప్‌లో తెలుగులోనే, పదిరోజుల ముందు. అందులో ఉండాల్సినవి: పిల్లల వయసు, తరగతి, భాష, మొదటి ఎనిమిది నిమిషాలే మీవి, మిగతాది పిల్లల ప్రశ్నలది, పుట్టిన ఊరు దగ్గర మొదలుపెట్టవద్దు, నిన్న పొద్దున డ్యూటీలో ఏం చేశారో అక్కడ మొదలుపెట్టండి, పవర్‌పాయింట్ వద్దు, మీ పనిలో వాడే మూడు వస్తువులు చేతిలో పెట్టుకోండి, ఫోను అడ్డంగా పట్టుకోండి.

ఆ మూడు వస్తువులే సగం పని చేస్తాయి. ల్యాబ్ టెక్నీషియన్ చేతిలో నాలుగు ఖాళీ ట్యూబులుంటే చాలు. ఊదా రంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉంటుంది, రక్తకణాల లెక్కకు అది. బూడిద రంగుది షుగరు పరీక్షకు, అందులోని ఫ్లోరైడు రక్తకణాలు గ్లూకోజును తినేయకుండా ఆపుతుంది. లేత నీలం రంగుది రక్తం గడ్డకట్టే సమయం చూడటానికి. ఎరుపుది సీరం కోసం. ‘తప్పు రంగు ట్యూబులో తీస్తే ఏమవుతుంది?’ అన్న ప్రశ్న ఎవరూ నేర్పకుండానే వస్తుంది. అక్కడి నుంచి జీవశాస్త్రం పాఠం, పని బాధ్యత రెండూ ఒకేసారి మాటల్లోకి వస్తాయి. టూల్ మేకర్ మైక్రోమీటరు పట్టుకుని తల వెంట్రుక మందం కొలిచి చూపిస్తే, భౌతికశాస్త్రం ల్యాబులో స్క్రూగేజీ ఎందుకు తిప్పిస్తారో మొదటిసారి అర్థమవుతుంది.

పనిచేసే చోటు చూపించడం అన్నిటికన్నా మంచిది, కానీ అనుమతి ముఖ్యం. చాలా ఫ్యాక్టరీల్లోకి కెమెరా ఫోను రానివ్వరు. ఆసుపత్రి ల్యాబులో ట్యూబుల మీద, రిజిస్టరులో రోగుల పేర్లుంటాయి. అవి కెమెరాలో పడకూడదు. అనుమతి లేనిచోట ఇంటి బల్ల మీద వస్తువులు పెట్టుకుని చూపించమనడమే మేలు. ‘ఏం కాదులెండి, ఎవరూ చూడరు’ అనే అతిథి ఉత్సాహాన్ని బడే ఆపాలి. ఉద్యోగం పోయేది అతనికి.

ప్రశ్నల పని

ఈ పద్ధతిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది ఇది. అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. ఎగ్గొడితే జరిగేది ముందే చెప్పొచ్చు: అతిథి ‘ఎనీ డౌట్స్?’ అంటారు, గది నిశ్శబ్దం, టీచరు ముందు వరస టాపరును లేపుతారు, ఆ పిల్ల ‘మీకు ఇన్‌స్పిరేషన్ ఎవరు సార్?’ అంటుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములతో బడిపిల్లలను హామ్ రేడియోలో మాట్లాడించే ఏరిస్ కార్యక్రమం 2000 సంవత్సరం నుంచి నడుస్తోంది. కేంద్రం ఒక చోటి ఆకాశాన్ని దాటేది దాదాపు పది నిమిషాల్లో. ఆ పదిలో ఒక్క నిమిషం వృథా అయినా తిరిగి రాదు. అందుకే పిల్లలను వరుసలో నిలబెట్టి, ఎవరు ఏ ప్రశ్న అడగాలో, అడిగాక ‘ఓవర్’ ఎలా అనాలో ముందే సాధన చేయిస్తారు. మన దగ్గర వై-ఫై నలభై నిమిషాలుంటుంది కాబట్టి సాధన అక్కర్లేదనుకుంటాం. సాధన అసలు ఉద్దేశం సమయం మిగల్చడం ఒక్కటే కాదు. వెనక బెంచీ పిల్లకు గొంతు పెగిలేది దానివల్లే.

రెండు పీరియడ్లు కావాలి. మొదటి పీరియడ్‌లో టీచరు ఆ వృత్తి గురించి అయిదు నిమిషాలు చెప్పి, పది మాటలు బోర్డు మీద రాస్తారు: శాంపిల్, సీరం, షిఫ్ట్, కాంట్రాక్ట్, రెగ్యులర్, పీఎఫ్ వంటివి. అతిథి నోట ఈ ఇంగ్లీషు మాటలు ఎలాగూ వస్తాయి. తర్వాత ప్రతి పిల్ల మూడు చీటీల మీద మూడు ప్రశ్నలు రాయాలి, పేరు లేకుండా. 38 మంది అంటే 114 చీటీలు. వాటిని పిల్లలే రెండు కుప్పలు చేయాలి: పుస్తకంలోనో గూగుల్‌లోనో దొరికేవి ఒకటి, ఆ మనిషి మాత్రమే చెప్పగలిగేవి మరొకటి. ‘ల్యాబ్ టెక్నీషియన్ అంటే ఏమిటి?’ మొదటి కుప్ప. ‘శాంపిల్ తారుమారైతే తప్పు ఎవరి మీద పడుతుంది?’ రెండోది. మొదటి కుప్పకు టీచరు అప్పటికప్పుడే జవాబు చెప్పేయాలి, అది అతిథి దాకా వెళ్లకూడదు.

పేరు లేని చీటీల్లోనే అసలు ప్రశ్నలుంటాయి. ‘రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ఈ పని చేయలేరా?’ ‘ఇంగ్లీషు రాకుండా ఎంతకాలం నెట్టుకొచ్చారు అక్కా?’ ‘రాత్రి డ్యూటీ అంటే ఇంట్లో ఒప్పుకున్నారా?’ ‘మొదటి నెల చేతికి ఎంత వచ్చింది?’ ‘హాస్టల్ ఫీజు ఎవరు కట్టారు?’ జీతం అడగడం మర్యాద కాదని కొందరు టీచర్లు ఆ చీటీ పక్కన పెట్టేస్తారు. పెట్టకూడదు. ఈ ఇళ్లలో చదువు నిర్ణయం జరిగేదే ఫీజు ఎంత, జీతం ఎంత అన్న రెండు అంకెల మధ్య. అతిథికి ముందే చెప్పి, చెప్పడానికి ఇష్టపడితే మొదటి జీతం, ఇష్టం లేకపోతే ‘కొత్తగా చేరినవాళ్లకు ఇంత నుంచి ఇంత’ అని చెప్పించాలి.

రెండో పీరియడ్‌లో ఎంపిక, వరస. ఒక సెక్షన్‌కు 14 ప్రశ్నలు. ఒక్కోదానికి 90 సెకన్లు అనుకుంటే 21 నిమిషాలు. మొదటి మూడు ప్రశ్నలు చేత్తో పట్టుకునే వస్తువుల మీద ఉండాలి, వాటికి జవాబు తేలిగ్గా వస్తుంది, గది వేడెక్కుతుంది. డబ్బు, ఇంటి ఒప్పుదల ప్రశ్నలు మధ్యలో. ‘ఇందులో మీకు నచ్చనిది ఏమిటి?’ అనేది పన్నెండో చోట. అప్పటికి అతిథికి పిల్లల మీద చనువొచ్చి నిజం చెబుతారు. చీటీ రాసిన పిల్లే అడగక్కర్లేదు. సున్నితమైన ప్రశ్నను వేరేవాళ్లకు ఇవ్వడమే మంచిది. ఆరు పరిచయాలు, 14 చొప్పున 84 వంతులు. సెక్షన్‌లో ప్రతి పిల్లకూ కనీసం రెండుసార్లు మైకు అందుతుంది. రిజిస్టరు పెట్టుకోకపోతే అందదు, ఆ ఎనిమిదిమందే మళ్లీమళ్లీ లేస్తారు.

గదిలో తీగలు, మైకు, కరెంటు

ల్యాప్‌టాప్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ తీగ, అంతవరకు అందరికీ తెలుసు. చెడేది ధ్వని దగ్గర. టీవీ స్పీకరు నుంచి వచ్చిన అతిథి గొంతు మళ్లీ ల్యాప్‌టాప్ మైకులో పడి అతనికే తిరిగి వినబడుతుంది. ఆ ప్రతిధ్వనిని సాఫ్ట్‌వేర్ తీసేయగలదు, కానీ టీవీ ధ్వనిని కాస్త ఆలస్యంగా వదిలితే దాని లెక్క తప్పుతుంది. అందుకని టీవీకి బొమ్మ మాత్రమే పంపి, ధ్వనిని ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ఆక్స్ తీగతో (రెండు చివరలా ఇయర్‌ఫోన్ పిన్ను ఉండే ఆడియో తీగ) బడి ప్రార్థనకు వాడే స్పీకరుకు ఇవ్వాలి. బ్లూటూత్ స్పీకరు వద్దు, అది కూడా ఆలస్యం చేస్తుంది. అదే గదిలో ఇంకో టీచరు తన ఫోనులో కాల్‌లో చేరితే గది కూత పెట్టినట్టు అరుస్తుంది. ఒక గది, ఒక పరికరం.

పిల్లల గొంతుకు ల్యాప్‌టాప్ మైకు చాలదు. నాలుగో వరసలో లేచి అడిగితే అవతలికి ఫ్యాను చప్పుడే వెళ్తుంది. ల్యాప్‌టాప్ ముందు అరమీటరు దూరంలో ఒక కుర్చీ వేయాలి. ప్రశ్న ఉన్న పిల్ల వచ్చి అందులో కూర్చుని అడగాలి, తర్వాతి ఇద్దరు పక్కన నిలబడి సిద్ధంగా ఉండాలి. ఈ ప్రశ్న కుర్చీ వల్ల మరో లాభం, అతిథికి పిల్ల ముఖం కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌కు గుచ్చే ఒక యూఎస్‌బీ మైకు, ఒక ఆక్స్ తీగ కొంటే చాలు, ఇంకే ఖర్చూ లేదు. కుర్చీకి పైన ఉన్న ఫ్యాను ఒక్కటి ఆపేయాలి. రేకుల కప్పు గది అయితే వర్షం రోజు వేరే గది చూసుకోవాలి, దానికి వేరే మందు లేదు.

చిన్న సంగతి ఒకటి. వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ చప్పట్లను రొద అనుకుని మింగేస్తుంది. నలభైమంది చప్పట్లు కొట్టినా అతిథికి నిశ్శబ్దమే వినబడి, ఎవరికీ నచ్చలేదేమో అనుకుంటారు. చేతులు ఊపమని పిల్లలకు చెప్పాలి. ఇదే లక్షణం వర్క్‌షాపులో యంత్రం చప్పుడునూ మింగేస్తుంది. లేత్ తిరుగుతున్న శబ్దం పిల్లలకు వినిపించాలంటే అతిథి తన వైపు జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ పెట్టుకోవాలి, చూపించడం అయ్యాక తీసేయాలి.

ఏ యాప్ అన్నదానికి సమయమే కొలత. ఉచిత ఖాతాలో జూమ్ 40 నిమిషాలకు తెగుతుంది. గూగుల్ మీట్‌లో ఇద్దరే ఉంటే ఆ ఇబ్బంది లేదు, ముగ్గురైతే 60 నిమిషాల హద్దు. మన కాల్‌లో బడి ఒకటి, అతిథి ఒకరు. పర్యవేక్షణకని మూడోవాళ్లు చేరితేనే హద్దు పడుతుంది. నలభై నిమిషాల కార్యక్రమానికి జూమ్ ఉచిత ఖాతా పెట్టుకుంటే చివరి ప్రశ్న మధ్యలో తెర నల్లబడటం ఖాయం, ఎందుకంటే మొదటి మూడు నిమిషాలు ‘వినబడుతోందా?’ కే పోతాయి.

బ్రాడ్‌బ్యాండ్‌ను నమ్మకుండా ఒక ఫోను హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచాలి. మంచి నాణ్యత వీడియో గంటకు సుమారు 1 జీబీ తింటుంది. రెండు సెక్షన్లు, మధ్యలో కట్ చేయని విరామం కలిపితే రోజుకు 1.5 జీబీ ప్యాక్ రెండో సెక్షన్ పూర్తికాకముందే అయిపోతుంది. ఆ తర్వాత వేగం 64 కేబీపీఎస్. బొమ్మ రాదు, మాట కూడా ముక్కలవుతుంది. కాబట్టి ఆ ఫోనులో ఉదయం నుంచి ఎవరూ రీల్స్ చూడకూడదు, విరామంలో కాల్ కట్ చేయాలి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బతుకుతుంది, రౌటరు, టీవీ చస్తాయి. అప్పుడు హాట్‌స్పాట్, ల్యాప్‌టాప్ తెర, ఛార్జింగ్ ఉన్న స్పీకరు. వీడియో ఆపేసి మాటతోనైనా ప్రశ్నలు పూర్తిచేయొచ్చు. ప్రశ్నలు ముందే రాసి ఉన్నాయి కాబట్టే అది సాధ్యం. లైను పూర్తిగా తెగితే మిగిలిన ప్రశ్నలను టీచరు ఒక్కో వాయిస్ మెసేజ్‌గా పిల్లల గొంతుతోనే రికార్డు చేసి పంపి, జవాబులను సోమవారం వినిపిస్తారు.

పరీక్ష కాల్ ముందురోజు అదే గది నుంచి, అదే సమయానికి చేయాలి. సాయంత్రం ఇంటి నుంచి చేసిన పరీక్ష కాల్‌కు విలువ లేదు.

ఆ నలభై నిమిషాలు

0–3: పలకరింపు, ధ్వని సరిచూడటం. టీచరు పరిచయం రెండు వాక్యాలకు మించకూడదు. బయోడేటా చదవడం మొదలైతే అయిదు నిమిషాలు హరీ. 3–11: అతిథి చోటు, వస్తువులు. 11–33: 14 ప్రశ్నలు, ఒకటి రెండు అప్పటికప్పుడు పుట్టినవి. 33–38: అతిథి పిల్లలకు ఒక చిన్న సమస్య ఇస్తారు. ‘నాలుగు ట్యూబులున్నాయి, రక్తం మూడింటికే సరిపోయింది, ఏది వదిలేయాలో ఎవరిని అడుగుతావు?’ వంటిది. పిల్లలు పక్కవాళ్లతో నిమిషం మాట్లాడుకుని జవాబు చెబుతారు. మిగతా రెండు నిమిషాలు వీడ్కోలు.

అతిథి మొదటి ఎనిమిది నిమిషాలను ఇరవై చేసేస్తే ఆపడం ఎలా? పిలిచి కూర్చోబెట్టిన అతిథిని మధ్యలో ఆపడం మన బళ్లలో ఏ టీచరుకూ చేతకాదు. పిల్లను ఆపనిస్తే సరి. పదకొండో నిమిషానికి మొదటి పిల్ల వచ్చి ప్రశ్న కుర్చీలో కూర్చుని నమస్కారం పెడుతుంది. తెరమీద పిల్ల ముఖం చూసి ఆగని అతిథి అరుదు. ఇలా ఉంటుందని వాళ్ల కాగితంలో ముందే రాస్తే ఎవరికీ నొప్పి ఉండదు.

పిల్లల భద్రత

కాల్ మొత్తం టీచరు గదిలోనే ఉంటారు. లింకు పిల్లల ఫోన్లకు వెళ్లదు, చాట్ ఆపేసి ఉంటుంది, వెయిటింగ్ రూమ్ (టీచరు ఒప్పుకున్నాకే కాల్‌లోకి రానిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటుంది. అతిథి ఫోను నంబరు పిల్లలకు, పిల్లల నంబర్లు అతిథికి ఇవ్వకూడదు. తర్వాత ఏ సందేహమైనా టీచరు ద్వారానే. పిల్ల తన మొదటి పేరు మాత్రమే చెబుతుంది. ఇంటిపేరు, ఊరు చెప్పదు. అతిథి ఎంత మంచివారైనా, పూర్వ విద్యార్థే అయినా ఈ నియమం సడలదు. రికార్డింగ్, స్క్రీన్‌షాట్ విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. తేలికైన దారి రికార్డు చేయకపోవడమే. ఫొటో కావాలంటే పిల్లల వీపుల వైపు నుంచి తెర కనబడేలా ఒకటి తీయాలి. అతిథి తన ఫేస్‌బుక్‌లో పిల్లల ముఖాలున్న స్క్రీన్‌షాట్ పెట్టడం తరచుగా జరిగే తప్పు. వద్దని ముందు కాగితంలోనే రాయాలి.

దారి చీటీ

సోమవారం ఒక పీరియడ్. ప్రతి పిల్లా అరపేజీ చీటీ నింపుతుంది: పదో తరగతి తర్వాత మొదటి మెట్టు ఏది, ఎన్నేళ్లు, ప్రవేశం పరీక్షతోనా మార్కులతోనా, దగ్గర్లో ఎక్కడ ఉంది, ఖర్చు ఎవరిని అడగాలి, మధ్యలో దారి మార్చుకోవాలంటే తలుపు ఎక్కడుంది. ఆ వృత్తి నచ్చకపోయినా నింపాలి, నచ్చలేదని కింద ఒక వాక్యం రాయాలి. నచ్చలేదని తేల్చుకోవడం కూడా ఫలితమే. అంతకన్నా చౌకగా ఆ సంగతి ఇంకెక్కడా తెలియదు.

ఇక్కడ టీచరు చేయాల్సిన గట్టి పని ఒకటుంది: అతిథి చెప్పిన దారి ఇప్పటికీ ఉందో లేదో చూడటం. పదేళ్ల కింద చదివినవాళ్లు ‘ఎంసెట్ రాశాను’ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్. పేరైతే పరవాలేదు, కోర్సు కాలం, అర్హత మారితే పిల్ల తప్పుదారి పడుతుంది. అతిథి దారిని కథగా వినాలి, చీటీలోకి మాత్రం ఈ ఏటి ప్రాస్పెక్టస్‌లో ఉన్నదే ఎక్కాలి.

ల్యాబ్ టెక్నీషియన్ చీటీలో రెండు దారులుంటాయి: పదో తరగతి తర్వాత నేరుగా ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ అనే మెడికల్ ల్యాబ్ కోర్సు, లేదా బైపీసీ చదివి ఆ తర్వాత డిప్లొమా. టూల్ మేకర్ చీటీలో హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంటుంది. 1968లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. పదో తరగతితో నాలుగేళ్ల డిప్లొమా. మెరైన్ ఫిట్టర్ చీటీలో చేపల పడవల పనుల్లో శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖపట్నంలో ఉన్న విభాగం. అక్కడ మెరైన్ ఫిట్టర్, వెసెల్ నావిగేటర్ (పడవ నడిపే) కోర్సులకు పదో తరగతిలో లెక్కలు, సైన్సు మార్కులు చూస్తారు. పడవలున్న ఇళ్ల పిల్లలకే ఈ పేరు కొత్తగా వినిపిస్తుంది. హేచరీ చీటీలో కృష్ణా జిల్లా భావదేవరపల్లి మత్స్య పాలిటెక్నిక్. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి ఇంజనీరింగ్ డిప్లొమా చేసినవాళ్లకు ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో ఏడాదిలోకి తలుపుంది. వ్యవసాయ డిప్లొమా వాళ్లకు బీఎస్సీ అగ్రికల్చర్‌లోకి అగ్రిసెట్ ఉంది. ‘డిప్లొమాకు పోతే అక్కడే ఆగిపోతాం’ అనే భయం ఇళ్లలో గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ చివరి గడి, తలుపు గడి, ఖాళీగా వదలకూడదు.

చీటీ ఇంటికి వెళ్లి, తల్లో తండ్రో సంతకం లేదా వేలిముద్ర పెట్టి తిరిగి రావాలి. చదవడం రాని ఇంట్లో పిల్లే చదివి వినిపిస్తుంది. చీటీల్లో సగం తిరిగి రాకపోతే వాటికోసం తరగతిలో తిట్లు అక్కర్లేదు. తల్లిదండ్రుల సమావేశంలో మూడు నిమిషాలు ఆ చీటీ ఏమిటో చెబితే వస్తాయి.

ఫిబ్రవరిలో జూన్ కాగితం తిరిగి ఇచ్చి, వెనక వైపు మళ్లీ ఉద్యోగాలు రాయించాలి. సంఖ్య పెరగడం పెద్ద సంగతి కాదు, ఆరుగురు అతిథులొచ్చారు కాబట్టి ఆరు పేర్లు ఎలాగూ కలుస్తాయి. చూడాల్సింది అతిథులుగా రానివాళ్ల పేర్లు: ఐస్ ఫ్యాక్టరీ మెకానిక్, సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఆ వెనక పేజీలోకి ఎక్కారా లేదా. ఎక్కకపోతే మరుసటి ఏడు రెండు పరిచయాలు తగ్గించి, పిల్లలచేత ఊళ్లోనే ఒకరిని అదే 14 ప్రశ్నల పద్ధతిలో ఇంటర్వ్యూ చేయించాలి. దానికి వై-ఫై కూడా అక్కర్లేదు.

దారి చీటీల కట్ట జూన్‌లో పదో తరగతి క్లాస్ టీచరు బీరువాలోకి చేరుతుంది. పాలిసెట్ నోటిఫికేషన్ వచ్చిన వారం ఆ కట్ట విప్పి, తేదీలు, ఫీజులు, సీట్లు కొత్తవి రాసి, ఎవరి చీటీ వాళ్ల చేతికి ఇవ్వాలి.